వీపు వెనక నాలుగు వేళ్లు

తెల్లవారేసరికి ఆకాశం నీళ్లెక్కువైన సున్నం కొట్టిన గోడలా ఉంది. మబ్బు పట్టింది గానీ అది కురిసే మబ్బు కాదు, పోయే మబ్బూ కాదు. ఎప్పుడు లేస్తాడో తెలియని చుట్టంలా ఇళ్ల కప్పుల మీద కూర్చుంది. పెరట్లో కుళాయి సన్నగా పోస్తోంది. నేను గిన్నెలు తోముతున్నాను.

మా ఆయన చెవి దగ్గర్నుంచి ఫోను దించి, పెరటి గుమ్మంలో నిలబడ్డాడు.

"అన్నీ తోమేస్తున్నావా? ఒక మసిగిన్నె అలా ఉంచు. అక్కడన్నీ కొత్తవేనట. మసి పట్టింది ఒక్కటీ లేదంటున్నారు."

ఆ రోజు పాత్రల దుకాణం ఒకటి తెరుస్తున్నారు. ప్రారంభానికి నన్ను పిలిచారు. వట్టినే పాడటానికి కాదు, గిన్నె తోముతూ పాడటానికి. టీవీ పోటీ అయిపోయి ఎనిమిది నెలలైంది. నన్ను ఎవరు పిలిచినా నాతో పాటు ఒక గిన్నెనీ పిలుస్తారు.

"టీవీలో వేసుకున్న ఆ నీలం బట్టలే వేసుకో. మొన్నటిలా ఇస్త్రీ మాత్రం చెయ్యకు. మరీ కొత్తగా కనిపించావన్నారు" అని ఆయన లోపలికి తిరిగి, "అమ్మా, నువ్వు కూడా రావాలి. ఆ క్షమాపణ ముక్క చెప్పేసి దిగిపోదువు గాని" అన్నాడు.

"ఏడవాలా?" అంది అత్తయ్య వంటింట్లోంచి.

"వస్తే ఏడు. రాకపోతే కళ్లు తుడుచుకో, చాలు."

"తిప్పగానే రావడానికి ఇవేమన్నా కుళాయిలుట్రా? అయినా మన కుళాయే సరిగ్గా రావట్లేదు."

ఆయన నవ్వలేదు. మళ్లీ నా వైపు తిరిగి, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు చెప్పాడు. "ఆర్కెస్ట్రా కూడా పెట్టారు. మీ పాతవాళ్లేనట. జాగ్రత్త. నువ్వెవరో వాళ్లెవరో. పలకరింపులూ అవీ పెట్టుకోకు."

పీచు నా చేతిలో ఆగిపోయింది. మాస్టారు వస్తున్నారు. పోటీకి వెళ్లిన నాటి నుంచి ఆయన మొహం చూడలేదు. ఇవాళ చూస్తాను. ఒక్క మాట అడుగుతాను. మళ్లీ రమ్మంటే ఈ నీలం బట్టలు అక్కడే విడిచి వెళ్లిపోతాను. తోమిన గిన్నెనే మళ్లీ తోముతున్నానని కాసేపటికి గాని తెలియలేదు.

మాస్టారి బృందంలో నేను పన్నెండేళ్లు పాడాను. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, కాలేజీ వేడుకలు, ఒకసారి కొత్త వంతెన ప్రారంభం. మాస్టారు కీబోర్డు వాయిస్తారు. డ్రమ్ముల బాబాయి ఉన్నాడు, గిటారు అన్నయ్య ఉన్నాడు. మగ గొంతులు రెండు, ఆడ గొంతు నాదొక్కటే. స్టేజి మీద ఆ హోరులో మాట వినపడదు. అందుకని పాడేవాళ్లు తమకు ఏ శ్రుతి కావాలో వీపు వెనక వేళ్లతో చూపిస్తారు. కీబోర్డు మీద తెల్లమెట్లని ఒకటి, రెండు అని లెక్కపెట్టుకోవడమే. నా పాట నాలుగులో కూర్చుంటుంది. నవ్వుతూ జనం వైపు చూస్తూ, ఎడమ చెయ్యి వెనక్కి పెట్టి, బొటనవేలు మడిచి నాలుగు వేళ్లు చూపిస్తే, ఒక్క క్షణంలో నా కింద నాలుగో శ్రుతి పరుచుకునేది. నేను దాని మీద నిలబడి పాడేదాన్ని. బతుకులో నేను అడగ్గానే దొరికింది అదొక్కటే. ఇంట్లో ఉప్పు అందించమన్నా రెండుసార్లు అడగాలి.

మైకుని మూతికి గుప్పెడు దూరంలో పట్టుకోవాలని నేర్పింది మాస్టారే. ఊపిరి ఎక్కడ దాచుకోవాలో, జనం ఈల వేస్తే ఎటు చూడాలో, ఎటు చూడకూడదో అదీ ఆయనే నేర్పారు. "అమ్మడూ, జనం పాట వినడానికే వచ్చారనుకుని పాడు. భోజనాలకొచ్చారని నాకూ తెలుసులే" అనేవారు.

ఆ పన్నెండేళ్లలో మా ఆయన ఒక్క కచేరీకీ రాలేదు. "నీ అరుపులు ఇంట్లో ఊరికే వినపడుతుంటే బండి వేసుకుని వచ్చి వినాలా?" అనేవాడు. "పాడితే పాడావు, అంట్లు ఎవడు తోముతాడు?" అని కూడా అనేవాడు. ఎవడూ తోమేవాడు కాదు. అత్తయ్య తోమేది. తోముతూ సణిగేది. సణుగుతూనే నాకు వేడినీళ్లు పెట్టి ఉంచేది. కచేరీ నుంచి వచ్చేసరికి నా గొంతు బొంగురుపోయి ఉండేది. అప్పుడు మాట్లాడకూడదని మాస్టారి ఆంక్ష. అత్తయ్య గ్లాసు నా ముందుకి తోసి, కనుబొమ్మలు ఎగరేసి ఎన్ని అని అడిగేది. నేను వేళ్లు చూపించేదాన్ని. తొమ్మిది. ఒక్కోసారి రెండు చేతులూ చూపించి మళ్లీ ఒక వేలు. "పదకొండా? నేనూ పదకొండు గిన్నెలు తోమాను. సరికి సరి. నీకు చప్పట్లు, నాకు పగుళ్లు" అని వెళ్లి పడుకునేది. అది తిట్టో మెచ్చుకోలో నాకు పన్నెండేళ్లూ తెలియలేదు. కానీ ఎన్ని అని అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

పోటీ కాగితం మా ఆయన తెచ్చాడు. ఎప్పుడూ స్టేజి ఎక్కని ఇల్లాళ్ల కోసం పెట్టిన పోటీ అది. ఇంతకు ముందు వేదిక మీద పాడారా అన్నచోట ఆయనే 'లేదు' అని రాశాడు.

"అబద్ధం కదా" అన్నాను.

"పెళ్లి పందిట్లో పాడింది కూడా పాటేనా? దాన్ని వేదికంటారా? సంతకం పెట్టు."

పెట్టాను. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. చెయ్యి ఆయన పట్టుకుని పెట్టించలేదు. పెన్ను నేనే పట్టుకున్నాను. టీవీలో ఒక్కసారి కనపడితే, భోజనాలకి కాకుండా పాట కోసమే వచ్చేవాళ్లు ఉంటారనుకున్నాను. ఒక్క ముక్క 'లేదు' అంటే పన్నెండేళ్లు పోతాయని అనుకోలేదు.

మొదటిరోజు టీవీవాళ్లు పాడమనగానే నా ఎడమచెయ్యి దానంతట అదే వెనక్కి పోయింది. నాలుగు వేళ్లు. పోటీకొచ్చినవాళ్ల కథలు రాసే అమ్మాయి ఒకత్తి అట్ట పట్టుకుని తిరుగుతుండేది. చూసేసింది. "ఆంటీ, ఆ చెయ్యేంటి వెనక?" అంది. "నడుము నొప్పమ్మా" అన్నాను. "అయితే ముందుకే పెట్టుకోండి. రెండు చేతులతో బట్ట నలుపుకోండి. భయపడుతున్నట్టుంటుంది, బావుంటుంది" అంది. అలా భయం నేర్చుకున్నాను. శ్రుతి ఐదు చేశారు. పైకెక్కి అరిస్తేనే చప్పట్లు పడతాయట. నాలుగులో కూర్చునే పాటని ఐదులో నిలబెడితే, పొట్టివాడు మునివేళ్ల మీద నిలబడి అటక మీది డబ్బా అందుకున్నట్టుంటుంది. అందుతుంది. పిక్కలు వణుకుతాయి.

తర్వాత టీవీవాళ్లు మా ఇంటికొచ్చారు. అత్తయ్య వాళ్లొస్తున్నారని అన్నీ తోమి బోర్లించి పెట్టింది. వాళ్లు వాటికి మళ్లీ మసి పూశారు. నన్ను కుళాయి దగ్గర కూర్చోబెట్టి ఏడుసార్లు పాడించారు. అత్తయ్యని గుమ్మంలో నిలబెట్టి అరవమన్నారు.

"ఏమని అరవాలి బాబూ?"

"రోజూ ఎలా అరుస్తారో అలాగే."

"రోజూ నేను దీన్ని అరవను నాయనా. పొయ్యిని అరుస్తాను. అది వెలగదు."

వాళ్లే మాట నేర్పారు. ఈ ఇంట్లో పాటలు చెల్లవు అనాలట. అత్తయ్యకి నవ్వాగలేదు. నాకూ ఆగలేదు. ఇద్దరం గిన్నెల మధ్య కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాం. టీవీలో ఆ నవ్వు లేదు. అరుపు ఉంది. తర్వాత ఇంకోరోజు ఆమెని స్టేజి ఎక్కించి, కోడలి గొంతు నొక్కేశానని ఏడిపించారు. నిజంగానే ఏడ్చింది. మాట తప్పుగా చెప్తే పోటీలో నాకేమన్నా నష్టం వస్తుందేమోనని భయపడి ఏడ్చిందట. మా ఆయన్ని పక్కనే నిలబెట్టారు. "ఈమె గొంతు ప్రపంచం వినాలని నా ఆశ" అన్నాడాయన. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను బట్ట నలుపుతూ, మైకు పట్టుకోవడం ఇదే మొదటిసారండీ అన్నాను. అది కూడా వాళ్లు రాసిచ్చిందే. కానీ నోరు నాది.

మూడో స్థానం వచ్చింది. పేరొకటి వచ్చింది. టీవీవాళ్లు వంటింటి కోయిల అన్నారు. వీధిలో దాన్ని అంట్ల కోయిల చేశారు. అత్తయ్యకీ ఒక పేరొచ్చింది, గొంతు నొక్కిన అత్త. కూరగాయల దుకాణం దగ్గర ఒకావిడ అందరూ వినేలా, "చేసిందంతా చేసి ఇప్పుడు కోడలి వెనక కారెక్కి తిరుగుతోంది" అందట. అప్పట్నుంచి అత్తయ్య బజారు మానేసింది. "పోనీలే, ఈ వయసులో నాకూ పేరొచ్చింది" అంటుంది. ఆయన మాత్రం ఉద్యోగం మానేసి నా ఫోను తీసుకున్నాడు. మూడేళ్లపాటు టీవీ చెప్పిన కథే చెప్పాలని నేను సంతకం పెట్టిన కాగితం మీద ఉంది. ఒకసారి ఆయన స్నానానికి వెళ్లినప్పుడు మాస్టారికి ఫోను చేశాను. నా గొంతు వినగానే, "మీరెవరో మాకు తెలీదండీ" అని పెట్టేశారు. ఆ 'అండీ' ఇప్పటికీ చెవిలో ఉంది.

దుకాణం ముందు చిన్న స్టేజి కట్టారు. రెండువైపులా కొత్త గిన్నెలు కోటగోడల్లా పేర్చారు. వెనక బృందం బ్యానరు. అది నాకు తెలిసిన బ్యానరే. రెండు మగ బొమ్మల మధ్య నా బొమ్మ ఉండేది. ఇప్పుడక్కడ ఒక గులాబీ పువ్వు అతికించారు. సరిగ్గా నా మొహమంత పువ్వు. అంచున నా చెవిదిద్దు ఇంకా కనిపిస్తోంది.

మాస్టారు కీబోర్డు తుడుస్తున్నారు. జుట్టు బాగా నెరిసింది. దుకాణం యజమాని నన్ను ఆయనకి పరిచయం చేశాడు. మాస్టారు చేతులు జోడించి, "నమస్కారమండీ. టీవీలో చూశాం. మొదటిసారి మైకు పట్టుకున్నా చాలా బాగా పాడారు" అన్నారు. డ్రమ్ముల బాబాయి కింద ఏదో పడిపోయినట్టు వంగి వెతుక్కున్నాడు.

మా ఆయనా యజమానీ కారు ఎక్కడ ఆపాలో చూడ్డానికి వెళ్లారు. నేను దుకాణం వెనక గదిలోకి నడిచాను. అట్టపెట్టెలు, గడ్డి, పగిలిన మూతలు. మాస్టారు నా వెనకే వచ్చి తలుపు దగ్గరగా వేశారు.

"తిన్నావా అమ్మడూ?"

అంతే. ఏడుపొచ్చేసింది.

"ఏడవకు. గొంతు పూడుకుపోద్ది. నీమీద కోపం లేదు. నువ్వు ఫోను చేసినప్పుడు టీవీవాళ్లు నా ఎదురుగానే కూర్చున్నారు. ఈవిడ మీ దగ్గర పాడిందని ఎవరో రాశారట, నిజమేనా అని అడగటానికొచ్చారు. ఎవరో మాకు తెలీదన్నాను. గోడ మీద ఫొటోలు అంతకుముందే తీసేశాం. అబద్ధం నీది, కాపలా మాది."

"మళ్లీ రానా మాస్టారూ? మీ వెనకే ఎక్కడో నిలబడతాను. కోరస్ పాడతాను."

ఆయన చాలాసేపు అట్టపెట్టె మీద గీతలు గీశారు.

"వస్తే బంగారం. కానీ ఎవరుగా వస్తావ్? పాతమనిషిగా వస్తే కాగితం అడ్డం. కొత్తమనిషిగా వస్తే గిన్నె తెచ్చుకోమంటారు. మొన్న ఒక పెళ్లివాళ్లని నేనే అడిగా, మంచి ఆడగొంతు ఉందండీ అని. అంట్ల కోయిలేనా, అయితే గిన్నెతో సహానా అన్నారు." నవ్వబోయి ఆగిపోయారు. "మూడేళ్లు ఓపిక పట్టు. నీ నాలుగు ఎక్కడికి పోద్ది?"

మూడేళ్లకి నాకు నాలుగు ఉంటుందో లేదో. ఐదులో అరిచి అరిచి ఇప్పటికే పొద్దున పూట గొంతు ఇసకలా రాలుతోంది. ఆ మాట ఆయనకి చెప్పలేదు. "ఇవాళ ఒక్కటి నాలుగులో వాయించండి మాస్టారూ. ఒక్కటే. నేను చూపిస్తాను" అన్నాను. ఆయన ఏదో చెప్పబోయారు. మా ఆయన తలుపు తోశాడు. "అమ్మగారిని నీళ్లు కావాలా అని అడుగుతున్నానండీ" అని మాస్టారు బయటికి నడిచారు.

ముందు అత్తయ్యని ఎక్కించారు. ఆమె మైకుని మూతికి ఆనించి, నేర్చుకున్న పాఠం అప్పజెప్పింది. "నా కోడలి గొంతు నొక్కాను. నన్ను క్షమించాలి." జనంలోంచి ఎవరో 'అయ్యో' అన్నారు, ఎవరో ఈల వేశారు. ఆమె కళ్లు తుడుచుకుంది. అవి పొడిగా ఉన్నాయి. దిగుతూ మెట్టు కనపడక తడబడితే డ్రమ్ముల బాబాయి చెయ్యందించాడు.

నేను ఎక్కాను. కుడిచేతిలో పీచు, ఎడమచేతిలో మా ఇంటి మసిగిన్నె. మైకు కర్రకి తగిలించి ఉంది. మా ఆయన ముందువరసలో ఫోను ఎత్తి పట్టుకున్నాడు. మాస్టారు మైకులో, వేదికలెరుగని వంటింటి కోయిల అన్నారు. 'ఎరుగని' దగ్గర ఆయన గొంతు కొంచెం జీరబోయింది. వినేవాళ్లకి అది గౌరవంలాగే వినపడి ఉంటుంది.

ఎనిమిది నెలల్లో మొదటిసారి, గిన్నెని మెల్లగా కింద పెట్టాను. అది చిన్నగా మోగింది. ఎడమచెయ్యి వెనక్కి పెట్టాను. బొటనవేలు మడిచాను. నాలుగు వేళ్లు. వేళ్లు తప్పు చెప్పలేదు. మసి అంటిన నాలుగు వేళ్లు.

పాట మొదలైంది. ఐదులో.

మొదలైంది వాయిద్యం కాదు. నా గొంతే. నేనింకా నోరు తెరవలేదు. పక్కనున్న నల్లపెట్టెల్లోంచి టీవీలో పాడిన నా గొంతు మునివేళ్ల మీద నిలబడి అరుస్తూ బయటికొచ్చింది. వెనక్కి చూశాను. మాస్టారి చేతులు మెట్ల మీద ఆడుతున్నాయి. కీబోర్డు వైరు దేనికీ తగిలించకుండా కింద వేలాడుతోంది. ఆయన నా నాలుగు వేళ్లనీ చూశారు. చూసి తల దించుకున్నారు. ఆయన గదిలో చెప్పబోయింది ఇదే. స్టేజి పక్కన పెట్టెల దగ్గర కూర్చున్న సౌండు మనిషి నాకు సైగ చేశాడు, పెదాలు కలపండి చాలు అని.

కలిపాను. గిన్నె తీసుకున్నాను. తోముతూ పెదాలు ఆడించాను. పల్లవి అయింది. చరణం మధ్యలో, ఏమవుతుందో చూద్దామనిపించి, నోరు మూసేశాను.

పాట ఆగలేదు.

నోరు గట్టిగా మూసుకుని నిలబడ్డాను. నా గొంతు వీధంతా పాడుతూనే ఉంది. ముందువరసలో ఒకావిడ కళ్లొత్తుకుంటోంది. పిల్లలు ఫోనులు ఎత్తారు. మా ఆయన బొటనవేలు పైకెత్తి చూపించాడు. నేను పాడటం లేదని ఆ జనంలో ఎవరూ చూడలేదు. అందరూ గిన్నెనే చూస్తున్నారు. అది తళతళలాడుతోంది. చప్పట్లు కూడా సరిగ్గా పడవలసిన చోటే పడ్డాయి.

కార్యక్రమం అయ్యాక పైఅంతస్తులో యజమానిగారితో భోజనం. "రా, మనకి పైన వేశారు" అన్నాడు మా ఆయన. "చెయ్యి కడుక్కుని వస్తాను" అన్నాను. కడుక్కుని పైకి పోలేదు. వెనక గదిలోకి వెళ్లాను.

బృందం వాళ్లు అట్టపెట్టెలు పరుచుకుని కింద కూర్చున్నారు. మధ్యలో భోజనం పొట్లాలు ఉన్నాయి. ఎప్పుడూ ఇలాగే తినేవాళ్లం, పెళ్లివాళ్లందరి భోజనాలూ అయ్యాక, ఏదో ఒక వెనక గదిలో. నన్ను చూసి మాటలు ఆపేశారు. మాస్టారు మాత్రం ఒక్క అంగుళం జరిగారు. ఆ అంగుళంలో కూర్చున్నాను. కాసేపటికి అత్తయ్య గోడ పట్టుకుంటూ వచ్చింది. పైన ఆమెని ఎవరో, గొంతు నొక్కిన అత్తయ్యగారూ మీరిటు కూర్చోండి అన్నారట. నా పక్కన చతికిలబడి ఒక పొట్లం విప్పుకుంది.

మా ఆయన తలుపు దగ్గరికొచ్చి, "ఇదేంటి, ఇక్కడా?" అన్నాడు. నేను నా పొట్లం విప్పుకున్నాను. గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు. పైనుంచి పిలుపు వినపడితే వెళ్లిపోయాడు.

తింటున్నాం. డ్రమ్ముల బాబాయి ఎప్పుడూ తినేటప్పుడు పెట్టెని వేళ్లతో వాయిస్తాడు. ఇవాళ వాయించలేదు. కిటికీలోంచి ఆకాశం కనిపిస్తోంది. పొద్దుటి మబ్బే ఇంకా కూర్చుని ఉంది.

అత్తయ్య ముద్ద నోటిదాకా తీసుకెళ్లి ఆగింది. నా వైపు చూసింది. ఎన్ని అని పన్నెండేళ్లూ అడిగినట్టే కనుబొమ్మలు ఎగరేసింది.

నేను ఎడమచెయ్యి పైకెత్తాను. వేళ్లన్నీ మడిచి పిడికిలి చేసి, ఆమెకి కనపడేలా పొట్లం పక్కన పెట్టాను.

ఆమె ఆ పిడికిలిని చాలాసేపు చూసింది. మాస్టారూ చూశారు. తర్వాత ఆయన నీళ్ల సీసా నా వైపు జరిపారు. అత్తయ్య తన పొట్లంలోంచి సగం తీసి నా దాంట్లో పెట్టింది. తలలు వంచుకుని, ఆఖరి మెతుకు దాకా తిన్నాం.